కేంద్ర సంఘం ఒకటి, శాఖలు మూడు, పాస్టర్ గారు ఒక్కరే: పరిచర్యలో ఏళ్ళ తరబడి నిలబడాలంటే ఏ ఏర్పాట్లు కావాలి?

సంఘ_కార్యదర్శి:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. కేంద్ర సంఘం మండల కేంద్రంలో ఉంది. 6, 9, 14 కిలోమీటర్ల దూరాల్లో మూడు శాఖా గ్రామాలు. అన్నీ కలిపి 140 కుటుంబాలు. ఆదివారం నాలుగు ఆరాధనలు, మంగళవారం స్త్రీల కూడిక, బుధ, గురువారాలు గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రి ప్రార్థన. పెళ్ళిళ్ళు, ప్రధానాలు, భూస్థాపనలు, ఆదరణ కూడికలు, పుట్టినరోజు ప్రార్థనలు వీటికి అదనం. ఇలాంటిచోట పాస్టర్ గారు ఇరవై ఏళ్ళు నిలబడాలంటే కమిటీ ఏం చేయాలి? ప్రార్థన చేస్తున్నాం, అది ఆగదు. చేతితో చేయాల్సిన ఏర్పాట్లు చెప్పండి. సొంత సాక్ష్యాలకు వేరే చర్చ ఉంది, దయచేసి అక్కడ రాయండి.

గుండ్లకమ్మ:
వందనాలు బ్రదర్. ముందు లెక్క తీయండి. నాలుగు వారాలు ఒక నోటు పుస్తకంలో పాస్టర్ గారి పనులు గంటలతో సహా కార్యదర్శే రాయాలి, ఆయన చేత రాయించొద్దు. ప్రయాణం, ఫోను, పోలీస్ స్టేషన్‌కీ ఆసుపత్రికీ తోడు వెళ్ళడం కూడా పనే. ఇలా రాస్తే దాదాపు ప్రతి సంఘంలో ఒకటే బయటపడుతుంది: ప్రసంగ సిద్ధపాటుకు మిగిలేది శనివారం రాత్రి మాత్రమే. అదీ ఎవరూ పిలవకపోతే.

నాలుగు ఆరాధనల్ని ఒక్క మనిషి మోయడం ముందు ఆపాలి. నేను సూచించే పద్ధతి ఇది. కేంద్ర సంఘంలో ఉదయం ఆరాధన ప్రతివారం పాస్టర్ గారిదే. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక్క శాఖకు వెళ్తారు, వంతు ప్రకారం. మిగతా రెండు శాఖల్లో అక్కడి పెద్దలే ఆరాధన నడుపుతారు. అంటే ప్రతి శాఖకూ మూడు వారాలకోసారి పాస్టర్ గారు వస్తారు, ఆ రోజే ప్రభు బల్ల (యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం). అభిషేకం పొందిన సేవకులే బల్ల ఇవ్వాలనే సంఘాల్లో కూడా ఇది కుదురుతుంది, ఎందుకంటే బల్ల ఉన్నరోజు ఆయన ఉంటారు.

పెద్దలు నడిపే ఆరాధనకు గురువారం సాయంత్రానికల్లా ఒక పేజీ అందాలి: వాక్యభాగం, అందులో చెప్పాల్సిన ఒకే మాట, మూడు ప్రశ్నలు, ప్రార్థనాంశాలు, రెండు పాటలు. ఫోన్‌లో పంపితే చాలదు. ప్రింటు తీసి ఇవ్వండి, చాలామంది పెద్దలకు చిన్న అక్షరాలు కనబడవు.

ఇదేదో ఈ కాలపు తెలివి అనుకునేవాళ్ళకు ఒక మాట. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి రేవులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారికి ఇద్దరే నీళ్ళలో నిలబడేవారు. వాళ్ళు అలసిపోగానే ఇంకో ఇద్దరు దిగేవారు. మన సంఘాలకు అంత పేరు తెచ్చిన రోజు వంతుల మీద నడిచింది.

మన్యం_సేవకుడు:
అన్నా, వంతులు బాగానే ఉన్నాయి గానీ ఊళ్ళలో మాట వేరు. అయ్యగారు రాని ఆదివారం ఆరాధనే కాదంటారు. కానుక పడదు. పక్క వీధిలో ఇంకో పాస్టర్ గారు మందిరం పెట్టి ఉంటే అక్కడికి వెళ్ళిపోతారు. పైగా పిలిచిన దేవుడు నిలబెడతాడన్న నమ్మకం తగ్గించి, గంటల లెక్కల్లోకి దిగితే పరిచర్య ఉద్యోగమైపోదా? ఈ భయం నిజమైనదే, తీసిపారేయకండి.

పార్సనేజీ_గడప:
అన్నయ్యా, ఏలీయా ప్రవక్తను చూడండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం తర్వాత ఆయన బదరీ వృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినమన్నాడు. ఆ తర్వాతే నలభై దినాల ప్రయాణం, హోరేబు కొండ, దేవుని స్వరం. చివరికి ఎలీషాను తోడు ఇచ్చాడు. నిలబెట్టేది దేవుడే. ఆయన నిలబెట్టిన విధానంలో అన్నం, నిద్ర, తోడు మనిషి ఉన్నాయి.

నిర్గమకాండం 18లో మోషేకు అతని మామ యిత్రో చెప్పింది కూడా గమనించండి. ఇలాగే చేస్తే నువ్వొక్కడివే కాదు, నీతో ఉన్న ఈ ప్రజలూ నలిగిపోతారన్నాడు. పాస్టర్ గారి కోసం సాయంత్రం దాకా ఎదురుచూసే రోగి ఇంటివాళ్ళు కూడా నలుగుతారు.

గుండ్లకమ్మ:
@మన్యం_సేవకుడు, మీ భయం సరైనదే. ఊరివాళ్ళు చిన్నబుచ్చుకునేది పాస్టర్ గారు రానందుకు కాదు, ఎప్పుడొస్తారో తెలియనందుకు. మూడు నెలల వంతుల పట్టిక పెద్ద అక్షరాలతో మందిరం గోడ మీద ఉండాలి. రాసిన వారం తప్పకూడదు. కేంద్ర సంఘంలో పెళ్ళి పడిందని శాఖ వంతు రద్దు చేస్తే, రెండోసారికే జనం ఆ పట్టికను నమ్మడం మానేస్తారు. పెళ్ళి ముహూర్తాన్నే ఉదయం ఆరాధన తర్వాతకు సర్దండి, మూడింటికి బండి కదలాల్సిందే.

శాఖా పెద్దల తయారీ గురించి వివరంగా చెప్తాను, ఎక్కువగా చెడేది ఇక్కడే. ప్రతి ఊరికీ ఒకరు కాదు, ఇద్దరు కావాలి. వీలైతే ఒకరు నడివయసువారు, ఒకరు ముప్పై లోపువారు. మాట చాతుర్యం చూసి ఎంచుకోవద్దు. అప్పుల తగాదాలు లేనివారు, ఇంట్లో భార్య గౌరవించేవారు, వాక్యం తప్పుల్లేకుండా చదవగలవారు కావాలి. పన్నెండు వారాల తర్ఫీదు చాలు. మొదటి నాలుగు వారాలు చదవడమే: గట్టిగా, ఆగి, పేర్లు తడబడకుండా. తర్వాతి నాలుగు వారాలు ప్రార్థన నడపడం, రోగుల్ని దర్శించడం. చివరి నాలుగు పాస్టర్ గారు వెనక బల్ల మీద కూర్చుని ఉండగా ఆరాధన నడపడం. తప్పులు ఆ రోజు చెప్పకూడదు, మంగళవారం ఒంటరిగా చెప్పాలి.

ఇక చెడేది ఎలాగంటే, తర్ఫీదైన తమ్ముడు రెండేళ్ళకు పది కుటుంబాల్ని తీసుకుని వేరే షెడ్డు వేసుకుంటాడు. చాలాచోట్ల కారణం దురాశ అనేస్తారు. నా అంచనా వేరు: అతనికి పని ఇచ్చారు, గుర్తింపు ఇవ్వలేదు. గడువు చెప్పలేదు, నెలకోసారి కూర్చోబెట్టి మాట్లాడలేదు. అందుకే సంఘం ముందు చేతులుంచి ప్రార్థించి, ఒక సంవత్సరానికి నియమించండి. ఏడాది తిరగగానే మళ్ళీ నియమించండి లేదా గౌరవంగా విశ్రాంతి ఇవ్వండి. నెలలో మొదటి సోమవారం... కాదు, సోమవారం వదిలేయండి, మొదటి శనివారం ఉదయం ఆరుగురూ పాస్టర్ గారితో కలిసి భోంచేయాలి. శాఖలో కానుక లెక్కపెట్టే పని ఈ ఇద్దరికీ కాకుండా మూడో మనిషికి ఇవ్వండి.

గృహ దర్శనాలకూ లెక్క ఉంది. వారానికి మూడు సాయంత్రాలు, సాయంత్రానికి మూడిళ్ళు, ఇంటికి నలభై నిమిషాలు. 140 ఇళ్ళు పదహారు వారాల్లో పూర్తవుతాయి, ఏడాదికి మూడుసార్లు ప్రతి గడపా తొక్కినట్టు. పిలిచినవాళ్ళ ఇళ్ళకే వెళ్తే పిలవని విధవరాలి ఇల్లు ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది. వరుస ప్రకారం వెళ్ళండి.

సంఘ_కార్యదర్శి:
గుండ్లకమ్మ గారు సోమవారం వదిలేయమన్నారు. @పార్సనేజీ_గడప, మీరు దాని గురించి ఏదో చెప్పేలా ఉన్నారు, చెప్పండమ్మా.

పార్సనేజీ_గడప:
చెప్తానండీ. సోమవారం విశ్రాంతి అని కమిటీ తీర్మానం చేసి, ఆదివారం ప్రకటనల్లో కార్యదర్శి చదవాలి. పాస్టర్ గారు తనంతట తాను చెప్పుకుంటే బద్ధకమంటారు. ఆ రోజు ఫోన్ ఒక పెద్ద చేతిలో ఉండాలి. చావు, ప్రమాదం, ఆసుపత్రిలో చేర్చిన రోగి, ఈ మూడింటికి మాత్రమే పాస్టర్ గారికి కబురు. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కూడా ఇదే నియమం. ఫోన్‌లో ప్రార్థన కోరేవాళ్ళకు ఒక సమయం పెట్టండి, ఉదయం ఆరు నుంచి ఏడు దాకా.

పాస్టరమ్మ గారి పని ఎవరి లెక్కలోకీ రాదు. సండే స్కూల్, స్త్రీల కూడిక, బల్ల గుడ్డలు, గిన్నెలు, వచ్చిన అతిథులకు భోజనం, భర్తతో గొడవపడి వచ్చిన అమ్మాయిని రెండు రోజులు ఇంట్లో ఉంచుకోవడం. పని నోటు పుస్తకంలో ఆమెకూ ఒక పేజీ తెరవండి. సండే స్కూల్‌కు ఇద్దరు టీచర్లను వేరే ఇళ్ళ నుంచి తేండి. సభలకు వచ్చే ప్రసంగీకుల భోజనం కుటుంబాల వంతు చేయండి. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారి కాలంలో ఊళ్ళకు పంపే బోధకులతో పాటు వారి భార్యలకూ తర్ఫీదు ఇచ్చేవారు. ఆమె పనిని పనిగా చూశారు కాబట్టే నేర్పించారు. మనం నేర్పించకుండానే అడుగుతున్నాం.

పిల్లల్ని వదిలేయండి. పాస్టర్ గారి అబ్బాయి కాబట్టి ముందు వరుసలో కూర్చోవాలి, అమ్మాయి ఇలాంటి బట్టలే వేసుకోవాలి అని ఎవరైనా అంటే పెద్దలే అడ్డుకోవాలి.

పాస్టర్ గార్లు ఎక్కువగా కుదేలయ్యేది రెండు కాలాల్లో. డిసెంబర్ 1 నుంచి సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే జరిపే క్రిస్మస్ కూడికలు), ఇంటింటి క్రిస్మస్‌లు, 24 రాత్రి, 25, ఆపైన 31 రాత్రి, జనవరి 1 వాగ్దాన ఆరాధన. రెండోది లెంట్ (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు), నలభై రోజులూ కూడిక, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు, ఆదివారం తెల్లవారుజామున ఆరాధన. ఏడు మాటల్ని ఏడుగురికి పంచండి, అందులో కనీసం ఇద్దరు స్త్రీలుండాలి. సెమీ క్రిస్మస్‌లు వారానికి మూడుకు మించకుండా నవంబర్ నెలాఖరుకే తేదీలు ఇచ్చేయండి. జనవరి 2 నుంచి ఏడు రోజులు, ఈస్టర్ సోమవారం నుంచి ఏడు రోజులు ఊరు విడిచి వెళ్ళే సెలవు. ఊళ్ళో ఉంటే అది సెలవు కాదు.

లెక్కల_పుస్తకం:
డబ్బు సంగతి నేను చెప్తాను. పరిచర్య వదిలేసేవాళ్ళలో చాలామందిని విశ్వాసం విడవలేదు, అప్పు తరిమింది.

ఆ వారం పళ్ళెంలో పడినదే పాస్టర్ గారి జీతం అనే పద్ధతి ఆపండి. నెలకు ఇంత అని తీర్మానించి, 5వ తారీఖున బ్యాంకులో వేయాలి. వరి, పత్తి ఊళ్ళలో కానుకలు పంట అమ్మిన నెలల్లో పెరుగుతాయి. నాట్ల కాలంలో, విత్తనాలూ ఎరువులూ కొనే రోజుల్లో సగానికి పడిపోతాయి. కాబట్టి కోత పండుగ కానుకలు మొత్తం నిలవ ఖాతాలోకి వెళ్ళాలి. మూడు నెలల జీతం నిలవ ఉండేదాకా మందిరానికి టైల్స్, కొత్త సౌండ్ బాక్సులు వద్దు.

పెట్రోలు జీతంలో కలపొద్దు. మీ దూరాలకు వంతుల పద్ధతిలో కూడా దర్శనాలతో కలిపి నెలకు 600 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు 45 వచ్చే బండికి 13, 14 లీటర్లు. అంటే 1,500 దాకా. ఆయిల్, టైర్ల కోసం నెలకు 300 పక్కన పెట్టండి. బండి కాగితాలు, ఇన్సూరెన్సు సంఘం ఖర్చే.

కానుక పెట్టె ఇద్దరు తెరవాలి, పాస్టర్ గారి బంధువులు కాకూడదు. అక్కడే లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. పాస్టర్ గారు డబ్బు ముట్టుకోకపోవడం ఆయనకే రక్షణ. 2 కొరింథీ 8లో పౌలు కూడా చందా పనికి తీతుతో పాటు వేరే సహోదరుల్ని పంపించాడు, ఎవరూ తప్పు మోపకూడదని. ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. అందుకు సొసైటీగా నమోదు కావాలి, కనీసం ఏడుగురు సభ్యులు చాలు. మందిరం స్థలం పాస్టర్ గారి సొంత పేరున ఉంటే ఆయన పోయాక కొడుకులకూ సంఘానికీ కోర్టు కేసే. సంఘం పేరుకు మార్చండి.

బీమా ఈ నెలలోనే చేయించండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ళవారికి. జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, చేరే వయసు 18 నుంచి 50. రెండూ కలిపి 456. మే నెలాఖరులో ఖాతా నుంచి అదే కట్ అవుతుంది. అప్పుడు ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది, చాలామందికి ఇలాగే పోయింది. పాస్టర్ గారి వయసు 40 దాటకపోతే, ఆదాయపు పన్ను కట్టేవారు కాకపోతే అటల్ పెన్షన్‌లో చేర్చండి. 60 తర్వాత నెలకు 1,000 నుంచి 5,000 దాకా, ఆయన తర్వాత భార్యకూ అంతే వస్తుంది. పార్సనేజీ (సంఘం ఇచ్చిన ఇల్లు) ఖాళీ చేయమన్న రోజు ఆ తల్లి రోడ్డు మీద నిలబడకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఇచ్చే 5,000 గౌరవ వేతనం వచ్చేవారికి వస్తే మంచిదే. దాన్ని చూసి సంఘం జీతం తగ్గించొద్దు. ప్రభుత్వ బిల్లు ఆలస్యమైన నెల ఇంట్లో బియ్యం ఉండాలి కదా.

డల్లాస్_తెలుగు:
వందనాలు. మా ప్రాంతంలోని తెలుగు సంఘం మా సొంత ఊళ్ళలోని పాస్టర్ గార్లకు నెలనెలా పంపాలనుకుంటోంది. నేరుగా సంఘం ఖాతాకు వేయొచ్చా?

లెక్కల_పుస్తకం:
వద్దండీ. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘానికి అమెరికా సంఘం నుంచి డబ్బు రావడం నేరం. నమోదు ఉన్నా, 2020 సవరణ తర్వాత మొదట స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అలా అందుకున్న సంస్థ ఇంకో సంస్థకు పంచడానికీ వీల్లేదు. అంటే పట్నంలో నమోదున్న సంస్థకు పంపి, అక్కడి నుంచి పల్లె సంఘాలకు ఇప్పించే పాత దారి మూసుకుపోయింది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారిదీ విదేశీ డబ్బే. భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది వేరు, దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. పంపేముందు ఆడిటర్‌ను అడగండి. మంచి మనసుతో పంపిన ఇరవై వేలు పాస్టర్ గారిని విచారణల చుట్టూ తిప్పగలదు.

ఖమ్మం_నర్సు:
ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు. షుగర్ మాత్రలు వేసుకుంటూ శుక్రవారం ఉపవాసం ఉండే సేవకులు చాలామంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది: చెమట, వణుకు, కళ్ళు తిరగడం, తలతిక్కగా మాట్లాడటం. ఆ స్థితిలో బండి నడిపితే ప్రాణానికే ముప్పు. ఉపవాసం విషయం డాక్టర్‌కు చెప్పి మాత్రలు ఎలా మార్చాలో అడగండి. ఎవరికి వారు మానేయడం కూడా ప్రమాదమే. డాక్టర్ వద్దంటే ఆ శుక్రవారం ఆయన తిని ప్రార్థన నడిపిస్తారని సంఘం ముందే ఒప్పుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం తప్పనిసరి.

రాత్రి ప్రార్థన తర్వాత తెల్లవారి నాలుగింటికి బండి మీద పంపకండి. అక్కడే పడుకోబెట్టి, ఎండొచ్చాక పంపండి.

గొంతు: చిన్న గదిలో కూడా అరవడం సగం జబ్బు. తన గొంతు తనకు వినబడకే పాస్టర్ గారు అరుస్తారు. ఒక బాక్సు ఆయనవైపు తిప్పి పెట్టండి. మూడు వారాలు దాటి బొంగురు పోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించాలి.

మనసు సంగతి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, ఊరికే కోపం, చచ్చిపోతే బాగుండనే మాట, ఇవి విశ్వాసం తగ్గిన గుర్తులని తీర్పు తీర్చకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావు మాట వస్తే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు.

మన్యం_సేవకుడు:
అక్కా, ఉపవాసం సంగతి చాలామందికి చేరాలి, మా సేవకుల కూడికలో చదివిస్తాను. వంతుల విషయంలో కూడా నా అభ్యంతరం చాలావరకు తీరింది, గోడ మీద పట్టిక ఉంటేనే సుమా.

ఒక రెండు విషయాలు కలుపుతాను. ఆకాశరామన్న ఉత్తరాలు, వాట్సాప్‌లో పెట్టే నిందలు కమిటీలో చదవకూడదు. 1 తిమోతి 5:19 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే ఫిర్యాదు తీసుకోవాలి. అలా తీసుకున్నది ఎంత పెద్ద మనిషిదైనా విచారించి తీరాలి, కప్పిపెట్టకూడదు. స్త్రీలు, పిల్లల విషయమైతే ముందు వారి భద్రత చూడాలి. చట్టానికి చెప్పాల్సినది సంఘంలో సర్దుబాటు చేయకూడదు. ఒంటరిగా వచ్చిన స్త్రీతో మాట్లాడేటప్పుడు తలుపు తీసి ఉండాలి, పాస్టరమ్మ గారో ఒక పెద్దావిడో కనబడే దూరంలో ఉండాలి.

రెండోది పెళ్ళిళ్ళ ఒత్తిడి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా చేయమని ఊరి పెద్దలే వస్తారు. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అలాంటి పెళ్ళి జరిపించినవారికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద అధికారం లేని సేవకులు పెళ్ళి చేయడమూ నేరమే. కాదనే భారం పాస్టర్ గారి మీద పెట్టకండి. వయసు రుజువు, సంబంధిత కాగితాలు నలభై రోజుల ముందు కార్యదర్శికి ఇవ్వాలని కమిటీ నియమం రాస్తే, ఆయన ఎవరికీ శత్రువు కానవసరం లేదు.

సంఘ_కార్యదర్శి:
చాలా సంతోషం, అందరికీ వందనాలు. ఒకేసారి ఇన్ని మార్పులు పెడితే కమిటీ బెదురుతుంది. మొదటి నెల ఏవి?

గుండ్లకమ్మ:
మూడే. నోటు పుస్తకం మొదలుపెట్టండి, సోమవారం తీర్మానం చేయండి, బీమా 456 కట్టండి. వీటిలో ఏదీ ఎవరి స్థానాన్నీ కదపదు కాబట్టి గొడవ రాదు. రెండో నెలలో జీతం తేదీ, కానుక లెక్కింపు. మూడో నెలలో శాఖల పెద్దల ఎంపిక. పన్నెండు వారాల తర్ఫీదు అయ్యాకే వంతుల పట్టిక. తర్ఫీదు కాకముందే పాస్టర్ గారిని శాఖల నుంచి ఆపితే మన్యం తమ్ముడు చెప్పినట్టే జరుగుతుంది.

పార్సనేజీ_గడప:
పట్టిక గోడకు అంటించే ముందు కార్యదర్శి గారు మూడు ఊళ్ళకూ స్వయంగా వెళ్ళి, అక్కడి పెద్దావిడలతో కూడా మాట్లాడండి. శాఖల్లో ఆరాధనకు ముందుగా వచ్చి చాపలు పరిచేది వాళ్ళే. ఏ ఆదివారం మొదటి వంతు తమకు కావాలో వాళ్ళనే అడగండి, పట్టిక కూడా వాళ్ళ చేతే అంటించండి.